బోదురుకప్పకు పేరిడిన వైద్యుడు

మృగశిర కార్తె ప్రవేశించి తొలి పెద్దవాన కురిసిన రాత్రి శామీర్‌పేట చెరువు నిద్రింపదు. పగలెల్ల మౌనము వహించియుండిన తూము ప్రక్కని గుంటలు, శిఖము నేలలు, మత్తడి దిగువ కాలువలు చీకటి పడగానే గొంతు విప్పును. ఊరివారికి అది యేటేట వినవచ్చు కప్పల బెకబెక మాత్రమే. చెవియొగ్గి వినువారికి అందు వేరువేరు గొంతుకలు గోచరించును. అంగుళము మించని చిట్టికప్ప తన యొడలికి తగని పెద్ద గొంతుతో కరకర ధ్వని చేయును. గోడలపై ప్రాకు చెట్టుకప్ప కటకటలాడును. గరుకుచర్మపు నేలకప్ప తెంపులేని కూత సాగదీయును. వీని యన్నింటిని మించి వినవచ్చునది బోదురుకప్పల బొంగురు గర్జన.

ఆ బోదురుకప్పలలోను తెలుగునాట రెండు జాతులు గలవు. ఒకటి పులి పేరు ధరించిన పెద్దకప్ప. రెండవది దానికంటె కురుచయై, ఒడలు లావై, మొద్దుమోము గలిగి, మెట్టనేలలలో గోతులు త్రవ్వుకొని దాగునది. ఈ రెండవదానిని మొదటిదానినుండి వేరుచేసి చూపి, 1853లో శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు అంతకు పూర్వము నెల్లూరిలో వైద్యాధికారిగా పనిచేసిన యొక స్కాట్లాండు కుటుంబీకుడు. ఆయన పేరు టామస్ కేవర్‌హిల్ జెర్డన్.

తెలుగువారికి జెర్డన్ పేరు కలివికోడి మూలమున కొంత పరిచితము. కడప జిల్లా ముళ్లపొదల నడుమ రాత్రివేళ సంచరించు ఆ యపురూప పక్షి శాస్త్రగ్రంథములలో ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. పక్షిశాస్త్రజ్ఞుడుగా ఆయనకు గల కీర్తి గొప్పది. ఆ కీర్తి వెలుగులో ఆయన కప్పలకై చేసిన పని మరుగుపడినది. కాని ఒక మనిషి తన కంటబడిన ప్రాణినెల్ల, అందమైనదా కాదా యని యెంచక, ఏల వ్రాసియుంచవలెనో తెలిసికొనుటకు ఆయన జీవితములోని ఈ మరుగుపడిన భాగమే మిక్కిలి యుపకరించును.

జెర్డన్ 1811వ సంవత్సరము అక్టోబరు నెలలో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివెను. ఆ కాలమున అచ్చట వైద్యము నభ్యసించు విద్యార్థులు మొక్కలను, జంతువులను, శిలలను గూర్చియు నేర్చుకొనుట పరిపాటి. మందుమొక్కను గుర్తింపలేని వైద్యుడు వైద్యుడే కాడని వారి భావము. ఆ శిక్షణయే జెర్డనుకు జీవితాంతము తోడైనది. 1835లో ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ శస్త్రవైద్యుడుగా చేరి, మరుసటి యేట చెన్నపట్టణమున దిగెను.

మొదట ఆయనను గంజాము ప్రాంతమునకు పంపిరి. అచ్చట సిపాయిలు జ్వరములతోను రక్తవిరేచనములతోను బాధపడుచుండిరి. తెలుగు, ఒడియా భాషలు కలసి వినవచ్చు ఆ సీమయే ఆయనకు మన దేశమున తొలి బడి. పిదప తిరుచినాపల్లిలోని అశ్వికదళమునకు, అటనుండి నైజాము రాజ్యములోని జాల్నాకు మార్పు కలిగెను. జాల్నా నేడు మహారాష్ట్రమున నున్నను, ఆనాడు హైదరాబాదు సంస్థానమున భాగము. కంపెనీ సైన్యము విడిసియుండిన దండుప్రదేశము. శామీర్‌పేట యే దక్కను పీఠభూమిపై నున్నదో, జాల్నాయు నదే పీఠభూమిపై నున్నది. తీరసీమలను, కావేరీ మైదానమును చూచి వచ్చిన జెర్డన్ ఇచ్చట రాతినేలలను, వేసవిలో ఎండి వానకాలమున నిండు చెరువులను, పొడి గడ్డిబయళ్లను కొన్ని సంవత్సరములపాటు పరిశీలించెను. 1839 మొదలుకొని దక్షిణాపథ పక్షులను గూర్చిన ఆయన పట్టిక చెన్నపట్టణపు సాహిత్య శాస్త్ర పత్రికలో వెలువడజొచ్చెను.

సైనికవైద్యుని జీవితము ఒకచోట నిలుచునది కాదు. దళము కదలినచో తానును కదలవలెను. ఈ యిబ్బందినే జెర్డన్ తన కనుకూలముగా మార్చుకొనెను. మజిలీ మజిలీకి మారు నేలను, నేలతో మారు ప్రాణులను పోల్చి చూచుట ఆయనకు అలవాటయ్యెను. ఒక ప్రాణి ఎచ్చట నుండునో తెలియుట యెంత ముఖ్యమో, ఎచ్చట నుండదో తెలియుటయు నంతే ముఖ్యమని అట్లు తిరిగినవానికే బోధపడును.

1841లో ఆయనకు వివాహమయ్యెను. తరువాత నెల్లూరిలో పౌరవైద్యాధికారిగా నియమింపబడెను. ఇది ఆయన జీవితమున ఒక మలుపు. దళముల వెంబడి తిరుగు బాధ తప్పినది. ఒకవంక సముద్రతీరము, మరియొకవంక తూర్పు కనుమలు, నడుమ చెరువులు, వరిపొలములు, ముళ్లకంపల అడవులు గల జిల్లా ఆయన కండ్లయెదుట పరచుకొని యుండెను. ఆసుపత్రి పని ముగిసిన వెనుక మిగిలిన ప్రొద్దెల్ల ఆయన ప్రాణుల వెదకుటయందే గడపెను. 1843 మొదలు 1847 వరకు చెన్నపట్టణమున ఆయన ప్రకటించిన భారత పక్షి చిత్రగ్రంథమున రంగుచిత్రములు 50 గలవు. వానిలో పెక్కు మన దేశపు చిత్రకారుల చేతివ్రాలు.

నెల్లూరు ఆయనకిచ్చిన మరియొక కానుక తెలుగు పేర్లు. తరువాతి కాలమున ఆయన వ్రాసిన భారత పక్షిగ్రంథమున లాటిను, ఆంగ్ల నామములకు తోడు మన పేర్లును చోటు చేసికొన్నవి. నేడు తెలంగాణ రాష్ట్రపక్షిగా నున్న పాలపిట్ట పేరు అందున్నది. పశువుల వీపులపై కూర్చుండి పురుగుల పట్టి తిను పసులపోలిగాని పేరును అందున్నది. ఇట్టి పేర్లు ఏ పుస్తకమునుండియు లభించునవి కావు. పశులకాపరులను, వేటగాండ్రను, పిట్టలు పట్టువారిని అడిగి, వారు చెప్పునది ఓపికతో వినినవానికే లభించును. ఆనాటి దొరలలో అట్లు విన్నవారు కొలదిమంది. జెర్డన్ విద్వత్తులో సగము వినుటవలన వచ్చినది.

కలివికోడి యాయనకు ఈ ప్రాంతముననే లభించెను. దానిని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలాధికారి ఎడ్వర్డ్ బ్లిత్ 1848లో వర్ణించి శాస్త్రనామ మిడెను. నెల్లూరి వైద్యునికిని కలకత్తా పండితునికిని నడుమ జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు, పెట్టెలలో సాగిన నమూనాలు ఆనాటి మన దేశపు ప్రకృతిశాస్త్రమునకు నరములవంటివి. రైలుమార్గములు లేని కాలము. ఎద్దుబండ్లపైనను ఓడలలోను నెలల తరబడి ప్రయాణించి ఒక పక్షిచర్మము కలకత్తా చేరినచో, అది చెడకుండ చేరుటయే యొక విజయము.

1847లో జెర్డనుకు మలబారు తీరమందలి తలచేరికి మార్పు కలిగెను. అటనుండి వయనాడు కొండలు దగ్గర. నెల్లూరి మెట్టనేలలకు అలవాటుపడిన కండ్లకు ఆ కొండల తడియడవులు వేరొక లోకము. ఈ కాలముననే ఆయన దృష్టి పక్షులను దాటి విస్తరించెను. దక్షిణదేశపు మంచినీటి చేపలను గూర్చి వ్రాసెను. 1851లో దక్షిణభారతపు చీమల పట్టికను ప్రకటించెను. ఎగిరి దుమికి ఎరను పట్టు యొక విచిత్రమైన చీమను అందు మొదటిసారి వర్ణించెను. పెద్దజంతువుల వేటను ముచ్చటించుటయే ఘనతగా నెంచిన దొరల సంఘమున ఒక శస్త్రవైద్యుడు చీమలను లెక్కించుచు కూర్చుండుట పలువురికి వింతగా తోచియుండును. అయినను ఆయన యెంచుకొన్న త్రోవ అదియే. ప్రాణికి పరిమాణమునుబట్టి గౌరవము లేదని ఆయన గ్రంథములే చెప్పుచున్నవి.

1853లో వంగ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో దక్షిణాపథ సరీసృపముల పట్టిక యనునది ఆయన పేరుతో వెలువడెను. అందు పాములు, బల్లులు, తాబేళ్లతోబాటు కప్పలును గలవు. నేడు కప్పలను ఉభయచరములని వేరు తరగతిగా నెంచుచున్నారు గాని, ఆనాడు అవి సరీసృపములతో కలిపియే పరిగణింపబడుచుండెను. చూచుటకు ఆ పట్టిక మిక్కిలి సాదాగా నుండును. ఒక్కొక్క జాతికి కొన్ని పంక్తులు మాత్రమే. కాని ఆ కొన్ని పంక్తుల వెనుక పదునేడేండ్ల సంచారము గలదు.

దాని విలువ తెలియుటకు అప్పటివరకు మన కప్పలను ఎవరు ఎట్లు వర్ణించిరో ఎరుగవలెను. మన పెరళ్లలో నిత్యము కనబడు గరుకు నేలకప్పకును, నీటిపై దుముకుచు పోవు చెరువుకప్పకును, ఒడలు బుడగవలె నుబ్బించు గోతికప్పకును 1799లో పేరు పెట్టినవాడు జర్మనీ దేశపు ష్నైడర్. ఆయన ప్రాచీన గ్రీకు లాటిను భాషల పండితుడు. మన దేశమున కాలిడినవాడు కాడు. చిట్టికప్పను 1841లో వర్ణించినవారు పారిసు నగరపు డ్యుమేరిల్, బిబ్రాన్ అనువారు. వీరెల్లరు సీసాలలో సారాయియందు ఊరిన కప్పలను బల్లపై నుంచి, వ్రేళ్లు లెక్కించి, కొలతలు తీసి పేర్లు పెట్టిరి. వారి పని తక్కువది కాదు. కాని సీసాలోని కప్ప అరవదు, త్రవ్వదు, వానకై ఎదురుచూడదు. సారాయిలో దాని రంగు కూడ నిలువదు.

జెర్డన్ కప్పను దాని నేలపై చూచెను. దాని గొంతు వినెను. దీనికి నిదర్శనము ఆయన పెట్టిన పేర్లలోనే గలదు. నీలగిరులందలి యొక చిన్న పొదకప్పకు ఆయన టిన్నియెన్స్ అని పేరిడెను. లాటిను భాషలో దానికి గణగణ మ్రోగునది యని యర్థము. రంగునుబట్టియో, ఆకారమునుబట్టియో, ఎవరైన గొప్పవారి పేరునుబట్టియో కాక, చీకటిలో వినవచ్చు ధ్వనినిబట్టి ఒక ప్రాణికి పేరిడుట చెవిగల పరిశీలకుడు మాత్రమే చేయు పని. వయనాడు పేరు ధరించిన మరియొక పొదకప్పయు ఆ పట్టికలోనిదే. ఈ కప్పలను ఏ గణమున చేర్చవలెనో ఆయనకు నిశ్చయము కాలేదు. దూరదేశమైన అమెరికాలోని ఆకుకప్పల గణమున చేర్చి, సందేహ చిహ్నముంచి విడిచెను. నిశ్చయము లేనిచోట నిశ్చయమున్నట్లు నటింపక సందేహమును సందేహముగానే నిలుపుట ఆయన నిజాయితీకి గుర్తు. ఆ చిహ్నము సహేతుకమేనని తరువాతి కాలము నిరూపించినది. ఆ కప్పలకును అమెరికా కప్పలకును సమీప బంధుత్వము లేదు.

ఇక మన బోదురుకప్ప. పులిపేరు గల పెద్దకప్పను ఫ్రాన్సు దేశీయుడు డోడెన్ అంతకుమునుపే వర్ణించి యుండెను. కర్ణాటక మైదానమున, అనగా నెల్లూరు మొదలు దక్షిణముగా సాగు తూర్పుతీరపు సీమలో, జెర్డనుకు కానవచ్చిన లావు కప్ప దానివలె నున్నను అది కాదు. దీని ముట్టె గుండ్రన, ఒడలు దళసరి. వెనుకపాదముల లోపలివైపున పారవంటి గట్టి బుడిపె గలదు. ఆయన దీనికి క్రాసా అని పేరిడెను. దళసరియైనదని ఆ మాట యర్థము. గణనామము మారుటచే నేడు అది హోప్లోబాట్రాకస్ క్రాసస్ అని పిలువబడుచున్నను, జెర్డన్ ఇచ్చిన మాట నిలిచియే యున్నది.

పాదమునందలి ఆ బుడిపెలోనే ఈ కప్ప జీవనరహస్య మున్నది. శామీర్‌పేటవంటి మెట్టసీమలలో చెరువులు ఏడాది పొడుగున నిండియుండవు. నీరు తగ్గినకొలది శిఖము నేల బీటలు వారును. అప్పుడు ఈ కప్ప వెనుకకాళ్లతో మట్టిని తొలగించుచు, వెనుకకు వెనుకకు నేలలో దిగిపోవును. తేమ గల లోతున ముడుచుకొని, ఆహారము లేక, దాదాపు కదలక, ఎండకాలమును గడపును. తొలివాన నేలలోనికి దిగగానే పైకి వచ్చును. వచ్చుటయే తడవు మగకప్పలు అరవసాగును, ఆడుకప్పలు నిలువనీటిలో గ్రుడ్లిడును. నీరెండకముందే తోకకప్పలు కాళ్లు మొలచి గట్టుచేరవలెను. కనుకనే ఆ తొందర, ఆ గోల. మనకు గోలగా వినవచ్చునది వానికి ఏడాదిలో లభించు కొలది దినముల గడువు.

మన పూర్వులు ఈ సంగతిని ఎరుగనివారు కారు. వానకాలమున గొంతెత్తు కప్పలను గూర్చి ఋగ్వేదము సప్తమ మండలమున ఒక సూక్తమే గలదు. వానలు వెనుకబట్టిన యేట తెలంగాణ పల్లెలలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికి త్రిప్పి కప్పతల్లి ఆట ఆడుదురు. ఇల్లాండ్రు దానిపై బిందెలతో నీరు పోయుదురు. వానకును కప్పకును గల సంబంధము ప్రతివారికి తెలిసినదే. కాని ఎన్ని జాతుల కప్పలున్నవి, ఏది ఏ నెలలో కూయును, ఏది యే నీటిలో గ్రుడ్లిడును అనునది వ్రాసియుంచినవారు లేరు. జెర్డన్ చేసినది ఆ వ్రాతపని. మనవారికి తెలివియుండెను, ఆయనకు కాగితముండెను. రెండును కలిసినచోటనే విజ్ఞానము నిలుచును.

అట్లని ఆయన పని లోపరహితమని చెప్పుటకు వీలులేదు. ఆయన వర్ణనలు క్లుప్తములు. ప్రాణి లభించిన స్థలమును చెప్పునపుడు తరచుగా కర్ణాటక మనియో, నీలగిరు లనియో, వయనా డనియో ఒక విశాల ప్రదేశమును పేర్కొని యూరకుండెను. ఏ యూరి చెరువు, ఏ నెల, ఏ వేళ యను వివరములు కానరావు. ఆయన సేకరించిన నమూనాలలో పెక్కు కాలక్రమమున నశించినవి. వర్ణనకు మూలమైన కప్ప సీసాలో భద్రముగా నున్నచో, సందేహము కలిగినప్పుడు దానిని తీసి చూడవచ్చును. అది లేనపుడు ఆ కొన్ని పంక్తులే దిక్కు. ఈ కారణమున ఆయన కప్పలలో కొన్నింటిని గుర్తించుటకు తరువాతి పండితులు మిక్కిలి శ్రమపడిరి. క్రాసా కప్పనే కొందరు పెద్ద బోదురుకప్పలో ఒక భేదముగా మాత్రమే తలచి అందు కలిపివేసిరి. వెనుకటికి అది వేరు జాతియేనని స్థిరపడి, నెల్లూరి వైద్యుని కన్ను పొరపడలేదని తేలెను. ఒక్క చెరువు పేరు, ఒక్క తేదీ అదనముగా వ్రాసియుండినచో ఎన్నియో యేండ్ల సందేహము తొలగియుండెడిది.

జెర్డన్ మలిజీవితము పెద్ద గ్రంథములకు అంకితమైనది. 1857 తిరుగుబాటు కాలమున ఆయన మధ్యభారతమందలి సాగరులో నుండెను. పిదప రాజప్రతినిధి కానింగు ప్రభువు ఆయన ప్రతిభను గుర్తించి, భారతదేశపు ప్రాణులను గూర్చి చిరుగ్రంథములు వ్రాయుటకై ప్రత్యేకముగా నియోగించెను. 1862 మొదలు 1864 వరకు భారత పక్షిగ్రంథము సంపుటములుగా వెలువడెను. వేయికి పైగా పక్షిజాతులను అందు ఒక క్రమమున వర్ణించెను. అంతకుముందు పక్షులను గుర్తింపగోరు వారు చెదరిన పత్రికలను, విదేశ గ్రంథములను వెదకికొనవలసి వచ్చెడిది. ఇప్పుడు అడవిదారిలో గుఱ్ఱపుసంచిలో నుంచుకొనదగిన ఆధారము లభించెను. తరువాత కాంగ్రెసు మహాసభ స్థాపనకు పూనుకొనిన హ్యూమ్ మొదలుగాగల పక్షి పరిశీలకుల తరమునకు ఈ గ్రంథమే పునాది. 1867లో క్షీరదములను గూర్చిన గ్రంథము రూర్కీ కళాశాల ముద్రణాలయమునుండి వెలువడెను.

మిగిలినది సరీసృపములను, కప్పలను గూర్చిన గ్రంథము. జెర్డన్ దానికై సామగ్రిని కూర్చుకొనుచుండెను. హిమాలయములందును, అస్సాము సీమలందును సంచరించెను. 1868లో ఉద్యోగమునుండి విరమించెను. 1870లో స్వదేశమునకు పోయెను. ఆ సంవత్సరముననే, పశ్చిమ కనుమలందలి యొక పెద్ద ఆకుపచ్చని చెట్టుకప్పను మలబారు పేరుతో వర్ణించెను. కాలివ్రేళ్ల నడుమ ఎఱ్ఱని పొరలు విప్పుకొని చెట్టునుండి చెట్టునకు జారుచు ఎగురునట్లు కానవచ్చు ఆ కప్ప నేడు కేరళ, కర్ణాటక, మహారాష్ట్ర వాసులకు సుపరిచితము. స్వదేశమునకు మరలువేళను ఆయన తలపులు మన వానలచుట్టునే తిరుగుచుండెనని దీనివలన తెలియును. కాని ఆరోగ్యము చెడినది. 1872 జూను 12వ తేదీన, అరువది యొకటవ యేట, లండను నగరపు దక్షిణభాగమున ఆయన కన్నుమూసెను. సరీసృప గ్రంథము పూర్తి కాలేదు. ఆ కొరతను చాలవరకు తీర్చినది బూలాంజే 1890లో భారత జంతుజాల గ్రంథమాలకు వ్రాసిన సంపుటము.

జెర్డన్ పేరు నేడు ఒక పొదమొక్క కాదు, ఒక పక్షి కాదు, పలు ప్రాణుల పేర్లలో నిలిచియున్నది. నీలగిరి సీమల చిన్నమొక్క యొకటి జెర్డోనియా. ఒక పునుగుపిల్లి, ఒక గుంటముక్కు విషసర్పము, పలు పక్షులు ఆయన పేరు మోయుచున్నవి. వీనిలో మనకు ముఖ్యమైనది కలివికోడి. 1900వ సంవత్సరము తరువాత అది యెవరికిని కానరాక నశించినదనియే భావింపబడెను. 1986లో కడప జిల్లా అడవులలో, స్థానికుడైన పిట్టలవేటగాని సాయమున, అది మరల కనబడెను. జెర్డన్ వ్రాసియుంచకపోయినచో, ఎనుబదియారేండ్ల పిమ్మట దానికై వెదకవలెనను తలంపే యెవరికిని కలిగియుండదు. పట్టికలో ఎక్కని ప్రాణి నశించినను, నశించినదని తెలియువారుండరు.

కప్పలకు ఈ ముప్పు ఇంకను దగ్గరది. 20వ శతాబ్దమున బోదురుకప్పల కాళ్లు విదేశపు విందులకై మన దేశమునుండి వేల టన్నులుగా ఎగుమతియైనవి. పంటపురుగులను తిను కప్పలు తగ్గుచున్నవను ఆందోళన పెరిగి, 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను. వేట ఆగినను నేల తరుగుట ఆగలేదు. హైదరాబాదు నగరము ఉత్తరముగా పెరిగి, మేడ్చలును శామీర్‌పేటను తనలో చేర్చుకొనుచున్నది. బాహ్యవలయ రహదారి, కళాశాలలు, ఔషధ పరిశోధనాలయములు, ఇండ్ల వరుసలు చెరువు సమీపమునకు వచ్చినవి. పెద్దచెరువు నిలిచినను, దానిచుట్టునుండు చిన్నకుంటలు, వానగుంటలు పూడిపోవుచుండును. బోదురుకప్ప గ్రుడ్లిడునది ఎక్కువగా అట్టి నిలువనీటి గుంటలలోనే. గుంట పూడినచోట కప్ప మౌనముగా మాయమగును. ఆ మౌనమును గుర్తించుటకు దాని పూర్వపు గొంతు ఎవరైన వ్రాసియుంచవలెను.

ఆ వ్రాతకు పెద్ద సామగ్రి అక్కరలేదు. తొలివాన పడిన తేదీ, చెరువు పేరు, వినవచ్చిన గొంతులు, కానవచ్చిన గ్రుడ్ల తెట్టెలు, అవి యున్న నీటిలోతు, మరుసటి యేట అవే వివరములు. కప్పను పట్టి బాధింపనక్కరలేదు. దీపమును తగ్గించి దూరమున నిలిచి చూచిన చాలును. పాశ్చాత్య దేశములలో కప్పలతోబాటు తోకగల నీటిబల్లులవంటి న్యూట్లను గూడ ఇట్లు లెక్కించెదరు. మన సీమలో వాని కునికి లేదు. మన దేశమున అవి డార్జిలింగు మొదలగు తూర్పు హిమాలయ, ఈశాన్య సీమలకే పరిమితములు. లేనిదానిని లేదని నిశ్చయముగా చెప్పగలుగుటయు పరిశీలన ఫలమే. నేడు భారతదేశమున ఎఱిగిన ఉభయచర జాతులు 400కు పైగా గలవు. క్రొత్తవి ఇంకను బయటపడుచునే యున్నవి. కనుక ఈ పని ముగిసినది కాదు.

జెర్డన్ పదవులలో అత్యున్నతుడు కాడు, ధనవంతుడును కాడు. జ్వరపీడితులైన సిపాయిల నడుమ తన ఉద్యోగమును నిర్వర్తించుచు, మిగిలిన గడియలలో తన చుట్టునున్న ప్రాణులను పట్టికకెక్కించెను. ఆయన సీసాలు పగిలిపోయినవి, గ్రంథము అసంపూర్ణమైనది, ఆయన ఎఱిగిన గణములు మారిపోయినవి. మిగిలినవి కొన్ని పంక్తులు. ఆ పంక్తులే ఒక కప్పకు ఉనికినిచ్చినవి. కర్ణాటక మను ఒక్క విశాలమైన మాటతో ఆయన విడిచిన ఖాళీని పూరింపవలసిన వారు పారిసువారును లండనువారును కారు. తమ చెరువు పేరును, తమ వానల తేదీలను ఎఱిగిన ఊరివారే దానిని పూరింపగలరు.